ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారు?

పంజాగుట్ట చౌరస్తాలో ఎర్రలైటు పడి బస్సు ఆగిందంటే చాలు, ఎవరో ఒకరి నోట ఆ మాట వస్తుంది: "జనం మరీ పెరిగిపోయారండీ!" పక్కసీటాయన తలూపుతాడు. వెనకనుంచి ఇంకొకాయన, "కనడానికి అదుపు ఉండొద్దూ?" అంటాడు. కిటికీలోంచి చూస్తే కాదనబుద్ధి కాదు. అక్కడి నుంచి అమీర్‌పేట మైత్రీవనం దాకా ఇసుక వేస్తే రాలనంత జనం. మెట్రో మెట్ల మీద, టిఫిన్ బండ్ల చుట్టూ, డెమో క్లాసు కరపత్రాలు పంచే కుర్రాళ్ల మధ్య, కింద ఫుట్‌పాత్ ఉందో లేదో కూడా తెలియనంత జనం. బస్సులో విన్న రెండు మాటల్లో మొదటిది కళ్లెదుట కనిపిస్తూనే ఉంది. రెండోది మాత్రం తప్పు. నీళ్లకూ రోడ్లకూ నాలాలకూ వేసే ప్రణాళికలన్నిటినీ దారి తప్పించగల తప్పు అది. అందుకే ఈ అధ్యాయం అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను.

ముందు లెక్కలు చూద్దాం. అమీర్‌పేట, పంజాగుట్ట రెండూ హైదరాబాద్ జిల్లాలోవి. 217 చదరపు కిలోమీటర్ల ఆ చిన్న జిల్లాలో 2001లో 38.30 లక్షల మంది ఉండగా 2011 జనగణన నాటికి 39.43 లక్షల మంది అయ్యారు. పదేళ్ల పెరుగుదల మూడు శాతం కూడా లేదు. అదే పదేళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం దాదాపు 11 శాతం పెరిగింది. నగరాన్ని చుట్టుకుని ఉన్న అప్పటి రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగింది. నగరం నడిబొడ్డున కాపురం ఉండేవాళ్ల సంఖ్య రాష్ట్ర సగటుకంటే నెమ్మదిగా పెరిగిందన్నమాట. ఇక్కడ పుట్టిన పిల్లల్ని కూడా కలుపుకుని చూస్తే, ఎన్నో కుటుంబాలు శివార్లకు తరలిపోయి ఉండాలి. లేకపోతే అంకె అంత కిందికి రాదు.

అమీర్‌పేట రద్దీ ఊపందుకున్నది కూడా సరిగ్గా ఆ పదేళ్లలోనే. ఈ రెండూ ఎలా పొసగుతాయంటే, జనగణన మనిషిని నివాసం ఉన్న చోట లెక్కపెడుతుంది. పగలంతా అతను ఎక్కడ తిరుగుతున్నాడు, ఎక్కడి నీళ్లు తాగుతున్నాడు, ఏ రోడ్డు మీద నడుస్తున్నాడు అన్నది దానికి అక్కర్లేదు. కూకట్‌పల్లిలోనో ఎల్బీనగర్‌లోనో నిద్రలేచినవాడు తొమ్మిదింటికల్లా ఇక్కడ ఉంటాడు. నగర శాస్త్రవేత్తలు పగటి జనాభా, రాత్రి జనాభా అని రెంటినీ విడివిడిగా చూస్తారు. హైదరాబాద్ జిల్లాలో రాత్రి జనాభా లెక్క ప్రకారమే చదరపు కిలోమీటరుకు 18 వేలమందికి పైగా ఉన్నారు. అమీర్‌పేట మోస్తున్న పగటి బరువు ఆ లెక్కలోకి రాదు.

ఇక కనడం సంగతి. ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున ఎందరు పిల్లల్ని కంటుందో చెప్పే అంకెను సంతాన సాఫల్య రేటు అంటారు. అది 2.1 దగ్గర ఉంటే ఒక తరం స్థానంలో అంతే సంఖ్యలో మరో తరం వస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి జరిగిన 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2.6. 2005-06 నాటికి 1.8. ఐదో సర్వే జరిగిన 2019-21లో ఆంధ్రప్రదేశ్‌కు 1.7, తెలంగాణకు 1.8. తెలుగు నేల మీద భర్తీకి సరిపడా పిల్లలు పుట్టడం ఆగిపోయి చాలా ఏళ్లయింది. అమీర్‌పేట హాస్టళ్లలో ఇవాళ మంచాలు పంచుకుంటున్న పిల్లల్లో చాలామంది అక్కో తమ్ముడో ఒక్కరే ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే.

ఈ తగ్గుదల భారం మోసింది ఆడవాళ్లు. ఐదో సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. దేశం మొత్తం మీద ఇదే ఎక్కువ. మగవాళ్ల ఆపరేషన్లు ఒక శాతం కూడా లేవు. పదో తరగతి కూడా చదవకుండానే పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్ చేయించుకుని, కుట్లు మానీ మానకముందే పొలం పనికి వెళ్లిన తల్లులు మన పల్లెల్లో ఇంటికొకరు ఉంటారు. వాళ్ల పిల్లలే ఇప్పుడు జావా నేర్చుకోవడానికి వచ్చి ఆ బస్టాపులో నిలబడ్డారు. ఆ పిల్లల్ని చూపించి కనడానికి అదుపు లేదనడం ఆ తల్లుల పట్ల అన్యాయం.

సంతానం తగ్గాక కూడా జనాభా పెరుగుతూనే ఉందెందుకని మీరు అడగవచ్చు. జనాభాకు ఒక ఊపు ఉంటుంది. ఎక్కువమంది పిల్లలు పుట్టిన కాలంలో పుట్టినవాళ్లు పెరిగి పెద్దయి, తలా ఒకరిద్దరిని మాత్రమే కన్నా, తల్లుల సంఖ్యే ఎక్కువ కాబట్టి పుట్టే పిల్లల మొత్తం సంఖ్య కొన్నాళ్లు తగ్గదు. పైగా ముసలివాళ్లు మునుపటికంటే ఎక్కువ కాలం బతుకుతున్నారు. ఈ ఊపు ఒక తరం తర్వాత సద్దుమణుగుతుంది. అప్పుడు ఎదురయ్యే సమస్య వేరు: పని చేసే చేతులు తక్కువ, చూసుకోవాల్సిన పెద్దవాళ్లు ఎక్కువ. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1990లలో తెచ్చిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేయడానికి కారణం ఈ భయమే.

మరి ఈ జనం ఎందుకు ఇక్కడికే వచ్చారు?

అమీర్‌పేట ఒకప్పుడు నగరానికి శివారు. 1942లో మొదలైన ఆల్విన్ కంపెనీ, దాని చుట్టూ సనత్‌నగర్ పారిశ్రామికవాడ ఈ వైపుకు కార్మికుల్ని తెచ్చాయి. సంజీవరెడ్డి నగర్ (ఎస్సార్ నగర్) ఉద్యోగుల కాలనీగా ఎదిగింది. తర్వాత 1990ల చివర వచ్చింది కంప్యూటర్ల గాలి. 2000 సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములు తేదీని తప్పుగా చదువుతాయన్న భయంతో అమెరికా కంపెనీలకు ఒక్కసారిగా వేలమంది ప్రోగ్రామర్లు కావలసి వచ్చారు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ గదుల్లో మొదలైన శిక్షణ కేంద్రాలు సందుల్లోకి పాకాయి. ఒరాకిల్, జావా, డాట్‌నెట్, టెస్టింగ్, శాప్... కోర్సు పేర్లు మారుతూ వచ్చాయి గానీ బ్యాచులు ఆగలేదు. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక పేదింటి పిల్లలు కూడా వాటిలో చేరగలిగారు. అది మంచిదే. అయితే ఆ కాలేజీల్లో చాలావాటి నుంచి పట్టా వచ్చింది గానీ పని రాలేదు. నాలుగేళ్లలో రావలసిన విద్యను నాలుగు నెలల్లో నేర్చుకోవడానికి శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి, ఆదిలాబాద్ నుంచి అమీర్‌పేట బస్సెక్కక తప్పింది కాదు. ఈ రద్దీకి మొదటి కారణం ఎక్కడుందని అడిగితే, వందల కిలోమీటర్ల అవతల పాఠం చెప్పని తరగతి గదిలో ఉందంటాను.

అందరూ ఒకే వీధిలో ఎందుకు చేరాలి? ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లోనే దీనికి జవాబు చెప్పాడు. ఒకే వృత్తివాళ్లు ఒకచోట గుమిగూడితే పనివాడికి యజమాని, యజమానికి పనివాడు సులువుగా దొరుకుతారు. దానికి కావలసిన చిల్లర సరుకులు అమ్మేవాళ్లు చుట్టూ చేరతారు. పని రహస్యాలు టీకొట్టు కబుర్లలోనే ఒకరి నుంచి ఒకరికి అందుతాయి. ఏ కంపెనీ ఇంటర్వ్యూలో ఏం అడిగారో ఎస్సార్ నగర్ మెస్సులో రాత్రి భోజనం దగ్గర తెలిసిపోతుంది. లూయిస్ బెటెన్‌కోర్ట్, జెఫ్రీ వెస్ట్ తదితరులు 2007లో ప్రచురించిన పరిశోధనలో దీనికి గణితరూపం ఇచ్చారు. నగరం రెట్టింపయితే తలసరి సంపద, కొత్త ఆవిష్కరణలు సుమారు 15 శాతం పెరుగుతాయి. తలా ఒక్కరికీ కావలసిన రోడ్లు, తీగలు, గొట్టాలు అదే నిష్పత్తిలో తగ్గుతాయి. అయితే అంటువ్యాధులు, నేరాలు కూడా తలసరి అంతే పెరుగుతాయి. జనం దగ్గరగా ఉండటం వల్ల కలిగే లాభమూ నష్టమూ ఒకే మూలం నుంచి వస్తాయి: మనిషికి మనిషి తగలడం.

రద్దీని చూసి భయపడటం కొత్త కాదు. తిండి కూడికలా పెరిగితే జనం గుణకారంలా పెరుగుతారని మాల్థస్ 1798లో హెచ్చరించాడు. 1968లో పాల్ ఎర్లిక్ రాసిన జనాభా బాంబు పుస్తకం ఢిల్లీలో ఒక రాత్రి టాక్సీలోంచి చూసిన జనసమ్మర్దంతో మొదలవుతుంది. ఆనాటి ఢిల్లీ కంటే పారిస్ మహానగరంలోనే జనం ఎక్కువ. ఎర్లిక్‌ను భయపెట్టింది పేదరికం, దానికి ఆయన పెట్టిన పేరు జనాభా. బస్సులో మనం చేసే పొరపాటు కూడా ఇదే. కానీ అదే ఎర్లిక్ 1970ల తొలినాళ్లలో జాన్ హోల్డ్రెన్‌తో కలిసి ఇచ్చిన సూత్రం మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది: ప్రకృతి మీద పడే భారం అంటే జనసంఖ్య, తలసరి వాడకం, వాడే సాంకేతికత ఈ మూడింటి లబ్ధం. మొదటి అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

నీళ్ల దగ్గరికి వద్దాం. జనసాంద్రత దెబ్బ అన్నిటికంటే లోతుగా తగిలింది అక్కడే.

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ రాయి నీటిని పీల్చదు. పైన మెత్తబడిన పొరలోనూ, కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. పగులు తగిలితే బోరులో నీళ్లు, తగలకపోతే దుమ్ము. ఒకప్పుడు ఇక్కడ నీరు పైపైనే ఉండేదనడానికి బల్కంపేట ఎల్లమ్మ గుడే సాక్ష్యం. అమ్మవారు నేలమట్టానికి సుమారు పది అడుగుల దిగువన బావిలో కొలువై ఉంటుంది, ఆ ఊటనీటినే భక్తులు తీర్థంగా తీసుకుంటారు. ఇవాళ అదే చుట్టుపక్కల వందల అడుగులు దించినా ఎండాకాలం బోర్లు గాలి కక్కుతాయి.

ఎందుకో ఒక చిన్న లెక్క వేద్దాం. ఎస్సార్ నగర్ లాంటి చోట రెండు వందల గజాల స్థలం తీసుకోండి. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. ఆ స్థలం మీద పడే వాన మొత్తం, చుక్క పోకుండా పట్టినా, దాదాపు 1,34,000 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది మన ప్రభుత్వ ప్రమాణం. ఐదుగురు ఉండే ఇంటికి ఆ నీరు ఆరున్నర నెలలు వస్తుంది. ఆ ఇంటిని కూలగొట్టి ఐదంతస్తుల హాస్టల్ కట్టి వందమందిని పెడితే పది రోజులు వస్తుంది. మిగిలిన 355 రోజుల నీరు ఎక్కడి నుంచో రావాలి.

ఎక్కువగా రెండు దూరపు నదుల నుంచి వస్తోంది. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి 2004 నుంచి చేరుతున్నాయి. గోదావరి నీళ్లు 2015 నుంచి ఎల్లంపల్లి దగ్గర మొదలై 186 కిలోమీటర్లు వస్తున్నాయి. సాగర్ నిండుమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు. హైదరాబాద్ సుమారు 1,780 అడుగుల ఎత్తున ఉంది. వెయ్యి లీటర్ల నీటిని అంత పైకి ఎత్తాలంటే, మోటారులో ఏమాత్రం నష్టం లేదనుకున్నా, ఒక యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. అమీర్‌పేట హాస్టల్‌లో కుళాయి తిప్పిన పిల్లవాడు ఎక్కడో ఒక బొగ్గు కేంద్రంలో పొయ్యి రాజేస్తున్నాడు. అతని తప్పేమీ లేదు. అదే స్థలంలో ఇంకుడుగుంతకు చోటు వదలకుండా హద్దుగోడ దాకా స్లాబు వేసినవారిది తప్పు. వేయనిచ్చినవారిది ఇంకా పెద్ద తప్పు.

వేయనివ్వడం కూడా జీవోల ద్వారానే జరిగింది. స్థల విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితిని 2006లో జీవో 86 ఎత్తేసింది. అనుమతి లేని అంతస్తులను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం 2007 చివర ఒకసారి, 2015లో మరోసారి వచ్చింది. మనుషుల సంఖ్య పెరగడానికి అనుమతి ఇచ్చినప్పుడు కింద ఉన్న మురుగు పైపు సైజు మాత్రం ఎవరూ మార్చలేదు. నాలుగు కుటుంబాల కోసం వేసిన పైపులోకి నాలుగు వందలమంది వాడిన నీరు వస్తే మ్యాన్‌హోల్ పొంగుతుంది. ఇందులో మిస్టరీ ఏమీ లేదు.

పైనుంచి పడే నీటిదీ ఇదే కథ. 2000 ఆగస్టు 24న బేగంపేట వాతావరణ కేంద్రంలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన నమోదైంది. మనం చెప్పుకున్న రెండు వందల గజాల మీద ఆ రోజు పడింది 40 వేల లీటర్లు. మట్టి ఉంటే కొంతైనా ఇంకేది. సిమెంటు మీద పడ్డది పడ్డట్టు రోడ్డెక్కి నాలాకు పోయింది. కూకట్‌పల్లి నాలా బాలానగర్, సనత్‌నగర్ వైపు పరిశ్రమల వ్యర్థాలనూ దారిపొడవునా కాలనీల మురుగునూ మోసుకుంటూ బేగంపేట మీదుగా హుస్సేన్‌సాగర్‌లో కలుస్తుంది. 1562లో కట్టి, ఒకప్పుడు ఊరికి తాగునీరు ఇచ్చిన చెరువు అది. ఆ వరద తర్వాత కిర్లోస్కర్ సంస్థ నాలాలను పరిశీలించి, ఆక్రమణలు తొలగించి వెడల్పు చేయాలని నివేదిక ఇచ్చింది. 2020 అక్టోబరులో అదే కేంద్రంలో 19 సెంటీమీటర్లు పడినప్పుడు నగరం మళ్లీ మునిగింది. మధ్యలో ఇరవై ఏళ్లు ఉన్నాయి.

రోడ్డు సంగతి త్వరగా చెబుతాను. ఒక మామూలు కారు ఆగి ఉన్నప్పుడే 80 చదరపు అడుగులకు పైగా స్థలం తీసుకుంటుంది. నలుగురు కలిసి ఉండే హాస్టల్ గది నూటఇరవై అడుగులు ఉంటే గొప్ప. పంజాగుట్ట దగ్గర కారులో ఒక్కడే కూర్చున్న మనిషి, రోడ్డు మీద దాదాపు ముగ్గురి ఇంటిస్థలం ఆక్రమించి, బయట జనం ఎక్కువయ్యారని విసుక్కుంటాడు. 2017 నవంబరు 28న మెట్రో మొదలైనప్పటి నుంచి రెండు లైన్లు కలిసే అమీర్‌పేట స్టేషన్ ఈ లెక్కను కొంత సరిచేసింది. మూడు బోగీల రైలు ఒకటి సుమారు వెయ్యిమందిని తీసుకుపోతుంది. కానీ సిటీ బస్సులు జనంతోపాటు పెరగలేదు. గాలిలో సూక్ష్మధూళి ప్రమాణాన్ని అందుకోలేని నగరాల జాబితాలో, 2019లో మొదలైన జాతీయ శుద్ధవాయు కార్యక్రమం కింద, హైదరాబాద్ కూడా ఉంది. ఆ గాలిని రోజంతా పీల్చేది కారు అద్దాల వెనక ఉన్నవాళ్లు కాదు, చౌరస్తాలో పూలు అమ్మేవాళ్లు, టిఫిన్ బండివాళ్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు.

పంజాగుట్టలో ఇంకో రకం జనం కనిపిస్తారు. 1960లలో నిజాం ట్రస్టు ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలైన నిమ్స్ దగ్గరికి ఖమ్మం నుంచి, నల్లగొండ నుంచి, రాయలసీమ నుంచి వచ్చినవాళ్లు. చేతిలో ఎక్స్‌రే కవరు, భుజాన దుప్పటి. రోగి లోపల ఉంటే తోడొచ్చినవాళ్లు బయట చెట్టుకిందో మెట్లమీదో రోజులు గడుపుతారు. పెద్ద జబ్బుకు చూపించుకునే వసతి తమ జిల్లాలోనే ఉంటే వాళ్లలో ఎంతమంది ఈ చౌరస్తా దాటేవారు? జనం పెరిగారనుకుంటున్న చోట మనం చూస్తున్నది ఎక్కడో లేని ఆసుపత్రిని, ఎక్కడో లేని కాలేజీని, ఎక్కడో ఎండిన చెరువును. పాలమూరు కరువు లేకపోతే ఉదయం అడ్డా మీద నిలబడే కూలీ ఇక్కడ ఉండడు.

ఇలా చూస్తే అతిజనాభాకు మందు కూడా మారుతుంది. అమీర్‌పేటలో జనాన్ని తగ్గించాలంటే కరీంనగర్‌లో, కర్నూలులో, విజయనగరంలో చేయాల్సిన పని ఉంది: అక్కడి కాలేజీ పాఠం చెప్పాలి, అక్కడి పెద్దాసుపత్రిలో గుండెకు ఆపరేషన్ జరగాలి, అక్కడ చదువుకు తగ్గ ఉద్యోగం దొరకాలి. వచ్చినవాళ్ల కోసం ఇక్కడ చేయాల్సింది వేరే ఉంది: భవనానికి అనుమతి ఇచ్చేముందు అంతస్తులు కాకుండా అందులో ఉండబోయే తలలు లెక్కపెట్టి, ఆ తలలకు సరిపడా నీరు, మురుగుపైపు, అగ్నిమాపక దారి ఉన్నాయో లేదో చూడాలి. వందమంది పడుకునే హాస్టల్‌ను ఇల్లుగా లెక్కకట్టి అనుమతి ఇవ్వడం ఆపాలి.

దానికి ముందు అసలు తలల లెక్క కావాలి. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. కొత్తదాని లెక్కింపును 2027 ఫిబ్రవరికి నిర్ణయించారు, లెక్క మార్చి 1 నాటికి తేలుస్తారు. వార్డుకు ఎంత నీరు, ఎన్ని బస్సులు, ఎంతమంది పారిశుధ్య సిబ్బంది అన్న నిర్ణయాలు చాలా ఏళ్లపాటు ఆ అంకె మీదే నడుస్తాయి. మీరు హాస్టల్‌లోనో బ్యాచిలర్ రూములోనో ఉంటుంటే, ఊళ్లో అమ్మ నాన్న మీ పేరు చెబుతార్లే అని ఊరుకోకండి. ఏ ఊరి నీళ్లు తాగుతున్నారో ఆ ఊళ్లో, ఏ గదిలో ఉంటున్నారో ఆ గది చిరునామాతో, మీ పేరు రాయించుకోండి.